ఏఐ పాత్రలతో మాట్లాడే గేమ్‌లు ఆడితే మొహమాటం పోతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: తమ్ముడు విజయవాడలో బీటెక్ ఫైనల్ ఇయర్, తెలివైనవాడే గానీ నలుగురిలో గొంతు పెగలదు, ఈమధ్య ఒక కంపెనీ గ్రూప్ డిస్కషన్‌లో పావుగంట సేపు ఒక్క మాటైనా మాట్లాడకుండా లేచొచ్చాడు. ఇప్పుడు మైక్‌లో మాట్లాడి ఏఐ పాత్రలను ఒప్పించే గేమ్ ఒకటి పట్టుకున్నాడు. అర్ధరాత్రి గదిలోంచి "సార్, ఒక్క అవకాశం ఇవ్వండి సార్" అని వినిపిస్తోంది, స్కోరు ఎనభై దాటిందని సంబరపడుతున్నాడు. ఇది పనికొచ్చేదేనా, పబ్జీ లాంటి ఇంకో పిచ్చా, డబ్బు కట్టి ప్రీమియం తీసుకోవచ్చా?

పనికొస్తుంది, నోరు తెరవడం వరకూ. స్కోరును మాత్రం నమ్మకండి. డబ్బు సంగతి చివర్లో చెప్తాను.

నేను గుంటూరు బ్రాడీపేటలో పదిహేనేళ్లుగా ఇంటర్వ్యూలకు, స్పోకెన్ ఇంగ్లీషుకు ట్రైనింగ్ ఇస్తున్నాను. రెండేళ్లుగా క్లాసులో ఇలాంటి గేమ్‌లు వాడుతున్నాను. మొదట్లో నవ్వులాటకి పెట్టాను, తర్వాత సీరియస్‌గానే. నాకు కోడింగ్ రాదు. నా పాత స్టూడెంట్ ఒకడు హైదరాబాద్‌లో వాయిస్ బాట్‌లు చేసే పనిలో ఉన్నాడు, పండక్కి వచ్చినప్పుడల్లా వాణ్ణి కూర్చోబెట్టి లోపల ఏం జరుగుతుందో పీకి పీకి అడుగుతుంటాను. కింద రాసేది సగం వాడి దగ్గర నేర్చుకున్నది, సగం పిల్లల మీద చూసింది.

ముందు ఉపయోగం గురించి. బెరుకున్న పిల్లల్ని ఆపేది భాష అనుకుంటాం గానీ, నేను చూసినంతలో ఎక్కువమందిని ఆపేది పరువు. తప్పు మాట్లాడితే పక్కవాడు నవ్వుతాడు, వాట్సాప్ గ్రూపులో పెడతాడు, అది రెండేళ్లు వెంటాడుతుంది. గేమ్‌లో పాత్ర నవ్వదు, నవ్వినా రీస్టార్ట్ కొడితే అంతా మర్చిపోతుంది. క్లాసులో నెల రోజులు నీళ్లు నమిలిన పిల్లాడు హెడ్‌సెట్ పెట్టుకున్న మూడో రోజుకే ఏఐ మేనేజర్‌తో గొడవేసుకోవడం చూశాను. క్రికెట్‌లో నెట్ ప్రాక్టీస్ లాంటిది. బౌలింగ్ మెషీన్ ముందు వంద బంతులు ఆడితే చెయ్యి తిరుగుతుంది, అబద్ధం కాదు. కాకపోతే బౌలింగ్ మెషీన్ స్లెడ్జింగ్ చెయ్యదు.

గేమ్‌లలో గొంతు వాడటం కొత్తేమీ కాదు. 1998లోనే జపాన్‌లో నింటెండో 64 అనే గేమ్ మెషీన్ మీద పోకెమాన్ కార్టూన్ పాత్ర పికాచూతో మైక్‌లో మాట్లాడే గేమ్ వచ్చింది, మరుసటి ఏడాది డ్రీమ్‌కాస్ట్ అనే ఇంకో మెషీన్ మీద మనిషి ముఖమున్న చేపతో మాట్లాడే ‘సీమన్’ వచ్చింది. 2005లో ‘ఫసాడ్’ అని ఒకటి. అందులో మైక్ లేదు, టైప్ చెయ్యాలి. భార్యాభర్తలు పోట్లాడుకుంటుంటే వాళ్లింటికి పాత స్నేహితుడిగా వెళ్లి మధ్యలో ఇరుక్కుంటాం. మాట తీరును పరీక్షించే గేమ్‌లకు అదే పెద్దక్క అనొచ్చు. ఆ కాలం వాటిల్లో పాత్రలు ఏమనాలో ముందే రాసిపెట్టేవారు, మనం ఆ గీత దాటితే తెల్లమొహం వేసేవి. ఇప్పటివాటిల్లో జవాబు అప్పటికప్పుడు పుడుతుంది. మీరు ‘సార్, మీ పిల్లి బాగుందా’ అని అడిగినా హెచ్‌ఆర్ పాత్ర తన పిల్లి గురించి ఏదో ఒకటి కల్పించి చెప్తుంది.

అది పుట్టే తీరు తెలిస్తే స్కోరును ఎందుకు నమ్మొద్దంటున్నానో అర్థమవుతుంది. చాలా గేమ్‌లలో రిలే పరుగులాగా మూడు చేతులు మారుతుంది. మీ గొంతును ఒక ప్రోగ్రామ్ రాతలోకి మారుస్తుంది, ఆ రాతను భాషా మోడల్ (చాట్‌జీపీటీ లాంటివాటి లోపల వాక్యాలు అల్లే ఏఐ) చదివి జవాబు రాస్తుంది, ఆ జవాబును ఇంకో ప్రోగ్రామ్ గొంతుగా పలుకుతుంది. అంటే ఆ పాత్ర మీ తమ్ముడి గొంతు వినట్లేదు, వాడి మాటల రాతప్రతి చదువుతోంది. వణుకు, తడబాటు, మింగేసిన చివరి అక్షరం, మధ్యలో వచ్చే నిట్టూర్పు, ఇవన్నీ మొదటి మలుపులోనే రాలిపోతాయి. రాతలోకి మార్చకుండా నేరుగా ధ్వనినే తీసుకునే మోడల్స్ కూడా ఇప్పుడున్నాయి. 2024 మేలో చాట్‌జీపీటీ కంపెనీ ఓపెన్‌ఏఐ తెచ్చిన జీపీటీ-4ఓ అలాంటిదే. సగటున 320 మిల్లీసెకన్లలో జవాబిస్తుందని దాన్ని చేసినవాళ్లు చెప్పారు, అంతకుముందు వాళ్ల వాయిస్ మోడ్‌లో మోడల్‌ను బట్టి దాదాపు మూడు నుంచి అయిదు సెకన్లు పట్టేది. కానీ నేను క్లాసులో వాడిన చవక గేమ్‌లలో చాలావరకు ఇంకా రిలే పద్ధతే.

ఆ మొదటి చేతిలోనే ఎంత పోతుందో ఒకటి చెప్తాను. తెనాలి నుంచి వచ్చే ఒక పిల్లాడికి ‘ఆఫీసుకి లేటైనందుకు మేనేజర్‌కి సర్దిచెప్పు’ అనే లెవెల్ ఇచ్చాను. వాడు చక్కగా, నెమ్మదిగా, "మా నాన్నకి బాలేదు సార్, అందుకే లేటైంది" అన్నాడు. పైన ఫ్యాను, బయట ఆటో హారన్. మేనేజర్ పాత్ర "మీ పాలేరుకు, మీ ఆలస్యానికి సంబంధం ఏమిటి?" అని నిలదీసింది. రాతప్రతి తెరిచి చూస్తే ‘మా నాన్నకి పాలేరు సార్’ అని ఉంది. పిల్లాడు బిక్కచచ్చిపోయి ‘సారీ సార్’ అన్నాడు, నమ్మకంలో మార్కులు కోసేసింది. వాడు వారం రోజులపాటు తన మాట తీరే బాగాలేదనుకున్నాడు! అందుకే మా దగ్గర మొదటి రూలు, స్కోరు చూసే ముందు రాతప్రతి చూడాలి. రాతప్రతి చూపించని గేమ్ అయితే నేను అసలు పెట్టను. మనవాళ్లు మాట్లాడేది అటు తెలుగూ కాదు, ఇటు ఇంగ్లీషూ కాదు కదా, ‘సార్ నాకు కొంచెం ప్రిపేరవడానికి టైం కావాలి’ లాంటి వాక్యం దగ్గర ఈ మొదటి ప్రోగ్రామ్‌లు ఇప్పటికీ తొట్రుపడతాయి.

ఇక మార్కులు వేసేదెవరు? అది కూడా ఒక భాషా మోడలే. సంభాషణ అయిపోయాక మొత్తం రాతప్రతిని దానికిచ్చి, సహానుభూతికి పదికి ఎన్ని, స్పష్టతకు ఎన్ని అని అడుగుతారు, అంతే. ఒకసారి అనుమానం వచ్చి ఒకే రికార్డింగ్‌ను మూడుసార్లు మైక్ ముందు వినిపించాను. ఒకసారి అరవై చిల్లర వచ్చింది, ఇంకోసారి డెబ్బై దాటింది, మూడోసారి మధ్యలో పాత్ర దారి మార్చి వేరే ప్రశ్న వేయడంతో మొత్తం కలగాపులగమైంది. మీవాడికి ఎనభై వచ్చిందంటే సంతోషించండి, తొంభై వచ్చినవాడికన్నా తక్కువని మాత్రం అనుకోకండి.

పిల్లలు దీన్ని తొందరగానే కనిపెట్టేస్తారు. ఒకమ్మాయి, చురుకైనది, ‘మీ పరిస్థితి నాకు అర్థమవుతోంది’ అనే వాక్యం ఎక్కడ వేసినా మార్కులు పెరుగుతాయని పసిగట్టింది. ఇక ప్రతి లెవెల్లోనూ అదే తాయెత్తు. ఇంట్లో వాళ్ల నానమ్మ మోకాళ్ల నొప్పులంటుంటే అలవాటులో అదే మాట అన్నదట. ఆవిడ "ఏంటే, ఆస్పత్రిలో నర్సులాగా మాట్లాడుతున్నావ్, కాస్త కాళ్లు పట్టు" అందట. క్లాసులో ఆ పిల్లే చెప్పి నవ్వింది. నేను ఆ నానమ్మ మాటను బోర్డు మీద రాసిపెట్టాను.

పైగా ఈ మోడల్స్‌కి ‘సరే’ అనే గుణం ఎక్కువ. మనుషులకు నచ్చిన జవాబులను బట్టి వాటికి తర్ఫీదు ఇస్తారు కాబట్టి పొగడ్త, ఒప్పుకోలు వాటిలోకి ఎక్కుతాయి. 2025 ఏప్రిల్‌లో ఓపెన్‌ఏఐ తన మోడల్ అప్‌డేట్‌నొకదాన్ని ఇలా మరీ భజన చేస్తోందనే వెనక్కి తీసుకుంది. గేమ్‌లో మొండి ఇంటి ఓనరు పాత్ర కూడా నాలుగుసార్లు బతిమాలితే కరిగిపోతుంది. మనూళ్లో నాలుగోసారి బతిమాలితే ఫోన్ ఎత్తడం మానేస్తారు.

ఇంటి ఓనరంటే గుర్తొచ్చింది, ఇది కాస్త వివరంగా చెప్పాలి.

నా దగ్గరికి వచ్చే కుర్రాడొకడు పటమటలో ఫ్రెండ్స్‌తో గది వెతుక్కుంటున్నాడు. గేమ్‌లో అడ్వాన్సు తగ్గించమని బేరమాడే లెవెల్ నాలుగుసార్లు గెలిచాడు. అసలు ఓనరుకు నా ఎదురుగానే ఫోన్ చేశాడు, స్పీకర్ పెట్టించాను. బాగానే మాట్లాడాడు, నమస్కారమండీ అన్నాడు, ముగ్గురం చదువుకునేవాళ్లమండీ, మూడు నెలల అడ్వాన్సు కష్టమండీ, రెండు చేస్తారా అని అడిగాడు. ఆయన రెండు క్షణాలు ఆగి, "ఊఁ... చూద్దాంలే బాబూ. ఆదివారం ఒకసారి ఫోన్ చెయ్యి" అన్నారు. వీడు ఫోన్ పెట్టేసి "సార్, ఓకే అయిపోయింది" అన్నాడు. నేనేమీ అనలేదు. ఆదివారం నాలుగుసార్లు చేశాడు, ఎత్తలేదు.

ఆ ‘ఊఁ’కి ముందు ఆగిన రెండు క్షణాల్లోనే ఆయన కాదనేశారు. ‘చూద్దాంలే’ అన్నది మర్యాద. మన దగ్గర ‘కాదు’ అనే మాటను కాదు అని చెప్పేవాళ్లు తక్కువ. చూద్దాం, మావాళ్లని అడిగి చెప్తా, అలాగేలెండి, మీరు చెప్పారు కదా... వీటిలో ఏది అవును, ఏది కాదు అన్నది గొంతులో ఉంటుంది, ఆ ‘లే’లో, ‘లెండి’లో ఉంటుంది, ఎంతసేపు ఆగి అన్నారన్నదాంట్లో ఉంటుంది. ‘అలాగే’కి, ‘అలాగేలే’కి ఎంత దూరం! గేమ్‌లో పాత్ర ఒప్పుకోకపోతే ‘క్షమించండి, అది సాధ్యం కాదు’ అని పాఠ్యపుస్తకంలా చెప్తుంది. అలా చెప్పేవాళ్లు మనకు బ్యాంకు కౌంటర్లో తప్ప ఎక్కడా దొరకరు. ఈ గేమ్‌లు మనం మాట్లాడటాన్ని పరీక్షిస్తాయి, ఎదుటివాళ్లను వినడాన్ని దాదాపుగా పరీక్షించవు. నేను చూసిన అతి పెద్ద లోటు ఇదే.

పిలుపుల విషయం కూడా అంతే. నేను చూసినవాటిల్లో పాత్రలు తెలుగులో మాట్లాడితే ఒక వాక్యం ‘మీరు’, మరుసటి వాక్యం ‘నువ్వు’. పిల్లాడు సెక్యూరిటీ గార్డు పాత్రను ‘ఏయ్’ అన్నా, ‘అన్నా’ అన్నా ఒకేలా జవాబొస్తుంది. బయట ‘బాబాయ్’ అని పిలిచి గేటు తెరిపించుకునే విద్య ఉంది చూశారా, అది ఏ లెవెల్లోనూ లేదు.

మౌనం గురించి ఒక మాట. మా స్టూడెంట్ ఒకడి తండ్రి గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తెచ్చే రైతు. కొడుకు గేమ్ ఆడుతుంటే ఒకరోజు వెనక నిలబడి చూసి, "ధర చెప్పాక ఎందుకురా ఇంకా వాగుతున్నావ్, ఊరుకో, వాణ్ణి మాట్లాడనీ" అన్నాడు. కొడుకు అలాగే ఊరుకున్నాడు. నాలుగు సెకన్లకే వ్యాపారి పాత్ర "మీరు ఉన్నారా? వినబడుతోందా?" అని అడిగింది. ఆయన తల కొట్టుకున్నాడు. మాట ఆపితే గేమ్‌కు మైక్ సమస్యలాగే కనపడుతుంది, అవతలివాణ్ణి కదిలించే ఎత్తుగా కనపడదు.

ఇప్పుడు మీ తమ్ముడి అసలు సమస్యకొస్తాను, అది గ్రూప్ డిస్కషన్. ఇక్కడ గేమ్ సహాయం చాలా తక్కువ, ఎందుకో చూడండి. మామూలు సంభాషణలో ఒకరు ఆపి ఇంకొకరు అందుకునే మధ్య ఖాళీ సగటున సెకనులో అయిదో వంతు. పది భాషల్లో కొలిచి 2009లో పరిశోధకులు చెప్పిన సంగతి ఇది. అవతలివాళ్ల వాక్యం పూర్తయ్యాక ఆలోచించుకుందామంటే అప్పటికే ఆలస్యం, అది పూర్తవుతుండగానే మన మాట నాలుక చివర ఉండాలి. గ్రూప్ డిస్కషన్‌లో ఎనిమిదిమంది, అందరికీ ఉద్యోగం కావాలి, ఆ ఖాళీ కూడా ఉండదు. గేమ్ పాత్ర మాత్రం, మహా అయితే ‘ఉన్నారా’ అని అడిగి, మీవాడు నోరు తెరిచేదాకా ఓపిగ్గా కూర్చుంటుంది, వాడు దగ్గినా సరే వెంటనే మాట ఆపేసి చెవి ఒగ్గుతుంది. అలా నెల రోజులు ఆడితే లోకమంతా తన కోసం ఆగుతుందనే అలవాటు పడుతుంది. మా బ్యాచ్‌లో గేమ్ బాగా ఆడిన ఇద్దరు మాక్ గ్రూప్ డిస్కషన్‌లో ఇంకా వెనకబడ్డారు, వాళ్లు చక్కటి వాక్యం తయారు చేసుకుని ఖాళీ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు పాపం.

దానికి మందు గేమ్‌లో లేదు, భోజనాల దగ్గరుంది. ఇంట్లో నలుగురు కూర్చున్నప్పుడు ఏదో ఒక విషయం లేవదీయండి, బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ అయినా సరే. తమ్ముడికి ఒకటే నియమం, ఎవరో ఒకరి మాట మధ్యలో ‘అవును, దానికి తోడు’ అని మూడుసార్లు అందుకోవాలి. గొప్ప పాయింటు అక్కర్లేదు. పెద్దవాళ్ల మాటకు అడ్డు రావడం తప్పని పెంచాం కదా, ఆ పిల్లలే ఇక్కడ ఇబ్బంది పడతారు, వాళ్లకు ఇంట్లోనే అనుమతి ఇవ్వాలి.

గేమ్‌ను నేను వాడే పద్ధతి చెప్తాను, ఇష్టమైతే అనుసరించండి. రోజుకు పావుగంట, ఇరవై నిమిషాలు, అదీ సాయంత్రం. అర్ధరాత్రి వద్దు, నిద్ర చెడితే పగలు ఇంకా నోరు రాదు. మొదలుపెట్టే ముందు తనకేం కావాలో ఒక వాక్యం కాగితం మీద రాయాలి, అయ్యాక రాతప్రతి చదివి తను చెప్పదలుచుకున్నది అందులో ఉందా లేదా చూసుకోవాలి. ఓడిపోయిన లెవెల్‌ను వెంటనే మళ్లీ ఆడనివ్వను, రేపే. మనుషులతో రీస్టార్ట్ ఉండదని ఒంటికి తెలియాలి.

అన్నిటికన్నా ముఖ్యం, గేమ్‌లో చేసినదాన్ని అదే రోజు ఒక నిజమైన మనిషితో చెయ్యాలి. మా పిల్లలకు వరసగా ఇచ్చేవి ఇవి. మీ విజయవాడలోనైతే నెహ్రూ బస్టాండ్ ఎంక్వయిరీలో ఏదైనా బస్సు టైం అడిగి, వాళ్లు చెప్పాక ఇంకో ప్రశ్న అడగడం. ఆ ‘ఇంకో ప్రశ్న’ దగ్గరే సగంమంది ఆగిపోతారు. తర్వాత బీసెంట్ రోడ్డులో చెప్పుల షాపుకెళ్లి నాలుగు జతలు చూసి, ఏదీ కొనకుండా ‘నచ్చలేదండీ’ అని చెప్పి బయటకు రావడం. నవ్వకండి, ఇది అన్నిటికన్నా కష్టం, మొహమాటపడి చెప్పులు కొనుక్కొచ్చినవాళ్లు మా దగ్గర ముగ్గురున్నారు.

ఒక హెచ్చరిక. గేమ్‌లో గంటలు గంటలు మాట్లాడుతూ ఇంట్లో వాళ్లతో, ఫ్రెండ్స్‌తో మాటలు తగ్గిపోతుంటే, లేదా జనంలోకి వెళ్లాలంటే చెమటలు, గుండెదడ, కాలేజీ ఎగ్గొట్టడం దాకా వస్తే, అది మొహమాటం దాటిపోయింది, నాలాంటి ట్రైనర్ చేతిలో పని కాదు. సైకాలజిస్టుకు చూపించండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇద్దరు పిల్లల్ని నేనే ఆ దారి పట్టించాను, మందు కన్నా ముందు ‘ఇది నాకొక్కడికే లేదు’ అని తెలిసి సగం తేరుకున్నారు.

గేమ్ ఆడేవాళ్ల గొంతు ఎక్కడికో సర్వర్‌కు వెళ్తుందని కూడా గుర్తుంచుకోండి. అసలు పేర్లు, ఇంటి గొడవలు, ఫోన్ నంబర్లు గేమ్‌లో చెప్పొద్దని ముందే చెప్పండి. ఇంట్లో పద్దెనిమిది దాటని పిల్లలుంటే, తల్లిదండ్రుల అనుమతి లేకుండా వాళ్ల సమాచారం వాడకూడదని 2023 డేటా రక్షణ చట్టం అంటుంది. ఆ అనుమతి బటన్ నొక్కేది మీరే కాబట్టి ఒకసారి చదివి నొక్కండి.

డబ్బు సంగతి. పాత్ర పలికే ప్రతి నిమిషానికీ తయారీదారుకు ఖర్చవుతుంది, అందుకే ఉచితంగా కాసేపు ఇచ్చి సరిగ్గా రుచి తగిలేచోట తాళం వేస్తారు. ఏడాదికి కట్టమంటే కట్టకండి. నా అనుభవంలో పిల్లలకు దీనితో లాభం మొదటి మూడు నాలుగు వారాలే, ఆ తర్వాత మార్కుల ఆటే మిగులుతుంది. మరీ ముచ్చటపడితే ఒక్క నెల. అసలు ఫోన్‌లో ఉచితంగా దొరికే ఏఐ అసిస్టెంట్ వాయిస్ మోడ్‌తోనే చాలా పని అవుతుంది. ముందుగా ఇలా చెప్పమనండి: "నువ్వు విసుగ్గా ఉన్న హెచ్‌ఆర్‌వి. నాకు టైం తక్కువ ఇవ్వు. నా జవాబు సాగదీస్తే మధ్యలో ఆపు. సులువుగా ఒప్పుకోకు, పొగడకు. చివర్లో మార్కులు వద్దు, నేను చెప్పినదాంట్లో నీకు అర్థంకానివి మూడు చెప్పు." ఆ చివరి వాక్యం మర్చిపోవద్దు. మార్కులకన్నా అదే నాకు ఎక్కువ పనికొచ్చింది.

మీవాడితో మొదలుపెట్టాలంటే గేమ్ దాకా కూడా వెళ్లక్కర్లేదు. ఈసారి గ్యాస్ సిలిండర్ లేటైతే ఏజెన్సీకి ఫోన్ మీరు చెయ్యకండి, వాడి చేత చేయించండి, మీరు పక్క గదిలో ఉండండి. అవతల ఫోన్ ఎత్తినావిడ కాస్త విసుక్కునే రకం అయితే ఇంకా మంచిది.